పశువు నుంచి ఫీజు దాకా: *ఫెహు అనే పాత జర్మానిక్ మాట

జర్మనీ పల్లెలో రైతు ‘ఫీ’ అన్నాడంటే కొట్టంలో కట్టేసిన ఆవులూ దూడలూ అని అర్థం. లండన్‌లో లాయరు ‘ఫీ’ అన్నాడంటే తనకు ముట్టాల్సిన డబ్బు. రాసే తీరు వేరు, పలికే తీరు ఒక్కటే. నెదర్లాండ్స్ పాడిరైతు తన మందను ‘వే’ అంటాడు. ఐస్‌లాండ్‌లో ‘ఫ్యే’ అంటే సందర్భాన్ని బట్టి గొర్రెలూ కావచ్చు, సర్కారు నిధులూ కావచ్చు.

ఈ మాటలన్నిటి వెనకా ఉన్నది ఒకే నామవాచకం. సుమారు రెండున్నర వేల ఏళ్ల కిందట ఇప్పటి డెన్మార్క్, దక్షిణ స్వీడన్, ఉత్తర జర్మనీ ప్రాంతాల్లో మాట్లాడిన భాషలో దాని రూపం *ఫెహు. ఆ భాషకు భాషావేత్తలు పెట్టుకున్న పేరు ఆది జర్మానిక్. ఆ కాలం నాటి రాతలేవీ లేవు. మాటకు ముందున్న చుక్క గుర్తు చెప్పేది అదే: ఈ రూపం ఎక్కడా రాసి దొరకలేదు, పిల్ల భాషల్లోని రూపాలను పక్కపక్కన పెట్టి వెనక్కి లెక్కగట్టి తేల్చినది. ఇక ముందు ఆ చుక్క లేకుండానే ఫెహు అనుకుందాం.

తెలుగువాళ్లకు ఈ కుటుంబం బొత్తిగా పరాయిది కాదు. ఈ మాటకు చుట్టమైన ‘పశువు’ సంస్కృతం దారిన మన ఇంట్లోకి వచ్చి చాలా కాలమైంది. ‘ఫీజు’ ఇంగ్లీషు దారిన మొన్నమొన్న వచ్చింది. ఎద్దును అమ్మి పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టిన తండ్రి ఒక చేత్తో ఇచ్చిందీ ఇంకో చేత్తో కట్టిందీ మూలంలో ఒకే మాట. ఈ బంధుత్వం ఎంత గట్టిది, ఎక్కడెక్కడ వదులుగా ఉంది అన్నది చూడదగ్గ విషయం. ఎందుకంటే ఫెహు గురించి వ్యాప్తిలో ఉన్న కథ, ‘మొదట ఆవు, తర్వాత అదే డబ్బు అయింది’ అన్నది, వినడానికి బాగుంటుంది కానీ మాటల సాక్ష్యం అంత సాఫీగా లేదు.

పశు, పెకు, ఫెహు

ముందుగా ధ్వనుల లెక్క. సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట జర్మానిక్ భాషల్లో ‘ఫ’ కనిపిస్తుంది. ఇక్కడ ‘ఫ’ అంటే కింది పెదవిని పై పళ్లకు ఆనించి పలికే ధ్వని. పాదం – ఫుట్, పంచ – ఫైవ్, పితృ – ఫాదర్. అలాగే సంస్కృతంలో ‘శ’ ఉన్న చాలా చోట్ల లాటిన్‌లో ‘క’, జర్మానిక్‌లో ‘హ’ ఉంటాయి. శతం – లాటిన్ కెంటుమ్ – హండ్రెడ్. శృంగం – లాటిన్ కోర్నూ – హార్న్. శ్వానం – లాటిన్ కానిస్ – హౌండ్. ఈ పొందికను 1822లో యాకోబ్ గ్రిమ్ సూత్రంగా కూర్చాడు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడు ఈయనే. అంతకు నాలుగేళ్ల ముందే డెన్మార్క్‌కు చెందిన రాస్మస్ రాస్క్ ఇదే సంగతి గమనించి అచ్చు వేయించాడు కానీ, సూత్రానికి పేరు మాత్రం గ్రిమ్‌దే నిలిచింది.

ఇప్పుడు సంస్కృతం పశు, లాటిన్‌లో పశువులకు పేరైన పెకు, జర్మానిక్ ఫెహు అన్న మూడింటినీ వరసగా పెట్టండి. మొదటి అక్షరంలో ప – ప – ఫ. రెండో అక్షరంలో శ – క – హ. చివర మూడింటిలోనూ ‘ఉ’. మొదటి అచ్చు ఒక్కటే తేడాగా కనబడుతుంది. సంస్కృతం పాత ఎ, ఒ, అ మూడింటినీ ‘అ’లో కలిపేసింది కాబట్టి అదీ సరిపోతుంది. ఇంత చిన్న మాట ప్రతి ధ్వనిలోనూ ఇలా ఒదగడం అరుదు. అందుకే తులనాత్మక భాషాశాస్త్రం చెప్పేవాళ్లు మొదటి పాఠాల్లోనే దీన్ని ఎత్తుకుంటారు.

ఇందులో ఇంకొక సొగసైన సంగతి ఉంది. భ్రాతృ, పితృ రెండింటిలోనూ ‘త’ ఉంది కదా. జర్మానిక్ కుటుంబంలోని పాత భాష గోతిక్‌లో మాత్రం సోదరుడి మాటలో ఒక ధ్వని, తండ్రి మాటలో ఇంకో ధ్వని వచ్చాయి: బ్రోథర్, ఫదర్. గ్రిమ్ సూత్రానికి లొంగని ఈ చిక్కును డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ 1877లో అచ్చయిన వ్యాసంలో విప్పాడు. వేద సంస్కృతంలో ఉదాత్త స్వరం, అంటే ఎత్తి పలికే స్వరం, ఏ అక్షరం మీద పడుతుందో చూడమన్నాడు. స్వరం ముందు అక్షరం మీద ఉంటే ధ్వని పరుషంగానే నిలిచింది, తర్వాతి అక్షరం మీద ఉంటే మెత్తబడింది. జర్మానిక్ భాషల్లో ఎప్పుడో చెరిగిపోయిన స్వరం ఆనవాలును వేదపాఠం భద్రంగా ఉంచింది.

ఋగ్వేదంలో పశు అనే మాట రెండు స్వరాలతో ఉంది. పుంలింగ రూపంలో స్వరం చివరి అక్షరం మీద, నపుంసక రూపంలో మొదటి అక్షరం మీద. చివరి స్వరం జర్మానిక్‌కు చేరి ఉంటే ఆ మాట ‘ఫెగు’ అయి ఉండేది. అయింది ఫెహు. అదీ నపుంసక లింగమే. అంటే ఉత్తరాన ఉన్న ఈ మాట వేదంలోని రెండు రూపాల్లో ఏదానికి జోడో కూడా చెప్పగలుగుతున్నాం.

ఉన్ని పీకే చేతులు

ఇంకా వెనక్కి, సంస్కృతం, లాటిన్, జర్మానిక్ వంటి వాటన్నిటికీ తల్లి అయిన భాష దాకా వెళితే పెక్ అనే ధాతువు తగులుతుంది. దాని అర్థం పీకడం, దువ్వడం. గ్రీకులో పోకోస్ అంటే గొర్రె ఒంటి మీంచి తీసిన ఉన్ని. లాటిన్‌లో పెక్టెన్ అంటే దువ్వెన. లిథువేనియన్‌లో పెష్టి అంటే పీకడం. ఆర్మేనియన్‌లో ఉన్నికి ‘అస్ర్’ అని పేరు, అదీ ఈ ఇంటిదే. జర్మానిక్‌లోనే ఇదే ధాతువు నుంచి జుట్టుకు ఒక మాట ఉండేది. ఇంగ్లీషువాళ్ల ‘ఫెయిర్‌ఫాక్స్’ ఇంటిపేరులోని ఫాక్స్ నక్క కాదు, జుట్టు.

ఉన్నిని పీకడమేమిటి, కత్తిరిస్తారు కదా అనిపించవచ్చు. పాత జాతి గొర్రెలకు ఏటా ఒక రుతువులో ఉన్ని దానంతటదే వదులవుతుంది. పట్టి లాగితే చేతిలోకి వస్తుంది. ఉన్ని కత్తెర ఇనుప యుగం పనిముట్టు. స్కాట్లాండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఈ పీకే పద్ధతి ఆధునిక కాలం దాకా సాగింది.

ఈ ధాతువు సరైనదే అయితే ఈ మాట మొదట ఆవుది కాదు, ఉన్ని ఇచ్చే జీవాలది. గొర్రెలది. ఆవుకు వేరే పాత మాట ఉండనే ఉంది: సంస్కృతంలో గౌః, ఇంగ్లీషులో కౌ, రెండూ ఒకే మూలం. ఇరాన్ వైపు సాక్ష్యమూ అటే మొగ్గుతుంది. ఇరాన్ పాత మతగ్రంథం అవెస్తాలో ‘పసు’ అంటే గొర్రెలూ మేకల వంటి చిన్న జీవాలు, ‘స్తఓర’ అంటే పెద్ద పశువులు. కుర్దిష్‌లో ‘పెజ్’ గొర్రెలు. కాకసస్ కొండల్లోని ఒస్సెటిక్ భాషలో ‘ఫిస్’ గొర్రె. ఈ ఫిస్‌లోని ‘ఫ’కూ జర్మానిక్ ‘ఫ’కూ సంబంధం లేదు, ఎవరి దారిన వాళ్లు ‘ప’ను మార్చుకున్నారు. పారసీకంలో గొర్రెల కాపరిని ‘షుబాన్’ అంటారు. ఆ మాట అరిగి అరిగి గుర్తుపట్టలేనట్టు అయింది కానీ, మూలంలో ‘ఫ్షు–పాన’, అంటే మన ‘పశుపాల’కు దగ్గర చుట్టం.

మన సంప్రదాయం మాత్రం పశు అనే మాటను వేరేగా విప్పింది. ప్రజాపతి చూశాడు కాబట్టి, ‘అపశ్యత్’ కాబట్టి, ఇవి పశువులయ్యాయని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. శైవులు పశువును పాశంతో ముడిపెట్టారు: పాశంతో కట్టుబడిన జీవుడు పశువు, విప్పేవాడు పశుపతి. భాషాశాస్త్రం లెక్కలో ఇవి నిలవవు. ఆ దర్శనాలకు వాటి విలువ వాటికి ఉంది, ఆ విలువ వ్యుత్పత్తి మీద ఆధారపడినది కాదు.

ఆవు ముందా, ఆస్తి ముందా

క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మానిక్ తెగల గురించి రాస్తూ, వాళ్ల నేలలో పశువులు మెండుగా ఉన్నా పొట్టివనీ, మంద ఎంత పెద్దదన్నదే వాళ్లకు సంబరమనీ, వాళ్లకు నచ్చిన ఆస్తి అదొక్కటేననీ అన్నాడు. తప్పు చేసినవాడు గుర్రాలో పశువులో జరిమానాగా ఇచ్చుకోవాలి. పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఎద్దులనిస్తాడు. ఆఖరికి హత్యకు కూడా ఇన్ని పశువులనీ ఇన్ని గొర్రెలనీ పరిహారం ఉంది, అది పుచ్చుకుని చచ్చినవాడి ఇల్లంతా శాంతిస్తుంది. ఫెహు అనే మాట బతికిన ఊరు ఇది. అక్కడ పశువు అంటే పాలూ మాంసమూ మాత్రమే కాదు, పగ తీర్చే పైకం కూడా.

ఇంగ్లండు పాత కావ్యం బేవుల్ఫ్‌లో ఒక ఘట్టం ఉంది. రాజు కొడుకుల్లో ఒకడి బాణం గురితప్పి అన్నకు తగిలి, అన్న చనిపోతాడు. కవి దాన్ని ‘ఫెఓహ్ లేని పోరు’ అంటాడు. ఫెఓహ్ అన్నది ఫెహుకు పాత ఇంగ్లీషు రూపం. తండ్రి ఎవరి దగ్గర పరిహారం పుచ్చుకోవాలి? చంపినవాడూ తన కొడుకే. ఆ దుఃఖానికి తీర్పు లేదని చెప్పడానికి కవికి ఈ ఒక్క మాట చాలింది.

పిల్ల భాషల్లో ఈ మాట అర్థం మాత్రం తలో దిక్కుకు పోయింది. పాత జర్మన్‌లో ‘ఫిహు’, ఇప్పటి జర్మన్‌లో ‘ఫీ’: పశువులే, డబ్బు కాదు. డచ్ ‘వే’ కూడా అంతే. డేనిష్, స్వీడిష్‌లలో ఇదే మాట పశువుతో పాటు మొద్దు మనిషికి తిట్టు కూడా అయింది. మనం ‘ఒట్టి పశువురా వాడు’ అన్నట్టే. పాత ఇంగ్లీషులోనూ, వైకింగుల భాష అయిన పాత నార్స్‌లోనూ రెండర్థాలూ కలిసే ఉన్నాయి. గోతిక్‌లో మాత్రం డబ్బే.

గోతిక్ సాక్ష్యం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే జర్మానిక్ భాషల్లో పెద్ద పాఠంగా మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది అదే. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ను గోతిక్‌లోకి తెచ్చాడు. ఊదారంగు తోలు మీద వెండి, బంగారు అక్షరాలతో రాసిన దాని ప్రతి ఒకటి స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. అందులో యూదా యేసును పట్టిస్తానన్నప్పుడు ప్రధాన యాజకులు అతనికి ‘ఫెహు’ ఇస్తామంటారు. గ్రీకు మూలంలో అక్కడున్న మాట వెండి. ధనవంతులు దేవుని రాజ్యంలో చేరడం ఎంత కష్టమన్న చోట ‘ఫెహు కలిగినవాళ్లు’ అనే ఉంది. ధనాశకు వుల్ఫిలా కట్టిన సమాసమూ ‘ఫెహు–ఆశ’. ఎక్కడా ఆవు లేదు, గొర్రె లేదు.

దీన్ని పట్టుకునే ఫ్రెంచి భాషావేత్త ఎమీల్ బెన్‌వెనిస్త్ 1969లో పాత కథను తలకిందులు చేశాడు. ఈ మాటలన్నిటికీ మూలమైన పెకు మొదటి అర్థం పశువు కాదు, ‘కదిలే సొంత ఆస్తి’ అన్నాడు. ఆ ఆస్తిలో పశువులే ఎక్కువ కాబట్టి కొన్ని భాషల్లో మాట పశువుల దగ్గర స్థిరపడింది, గొర్రెలే ముఖ్యమైన చోట గొర్రె దగ్గర. ఉన్ని పీకే ధాతువుతో సంబంధమే లేదన్నాడు. లాటిన్‌లో పెకూనియా అంటే డబ్బు, పెకూలియుమ్ అంటే బానిస తనకంటూ దాచుకున్న సొమ్ము, రెండిట్లోనూ పశువు వాసన లేదు. సంస్కృతంలో పశువుల లెక్కలో మనిషీ ఉన్నాడు: అథర్వవేదం అయిదు పశువుల్ని చెప్పినప్పుడు ఆవులు, గుర్రాలు, మేకలు, గొర్రెలతో పాటు పురుషుణ్నీ కలిపింది. గ్రీకులో ‘ప్రొబాత’ అంటే ‘ముందుకు నడిచేవి’, కదిలే ఆస్తి. తర్వాత అదే గొర్రెలకు పేరైంది.

ఈ దారి కల్పన కాదనడానికి చుట్టుపక్కల భాషల్లో సాక్ష్యాలు దండిగా ఉన్నాయి. ఇంగ్లీషులో ‘క్యాటిల్’ అన్న మాటే చూడండి. అది లాటిన్ ‘కాపిటాలె’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదటి అర్థం ఆస్తి, పశువులన్న అర్థం తర్వాతది. ‘క్యాపిటల్’ దాని అన్న. స్లావిక్ భాషల్లో ‘స్కోత్’ అంటే పశువులు, జర్మన్‌లో దాని జోడు ‘షాట్స్’ అంటే నిధి. వెల్ష్‌లో ‘ద’ అంటే మంచిది, ఆస్తి, పశువులు. మన పక్కన తమిళంలో ‘మాడు’ అంటే పశువు, పాత తమిళంలో సంపద కూడా. చదువే చెడని సంపద, మిగతావేవీ ‘మాడు’ కావని తిరుక్కురళ్ 400వ పద్యం చెబుతుంది.

కాబట్టి ‘పశువే డబ్బయింది’ అని కళ్లు మూసుకుని చెప్పడానికి లేదు. అలాగని బెన్‌వెనిస్త్ మాట పూర్తిగా ఒప్పుకోవడమూ కష్టమే. గోతిక్‌లో మిగిలిందంతా దాదాపు బైబిల్ అనువాదమే. గోత్ రైతు తన మందను ఏమని పిలిచాడో మతగ్రంథం చెప్పాల్సిన పని లేదు. పైగా సంస్కృతం, అవెస్తా, లాటిన్, జర్మన్, నార్స్, దూరంగా విడిపోయిన ఇన్ని కొమ్మల్లో పశువు అర్థం విడివిడిగా పుట్టిందనడం కన్నా మొదటి నుంచీ ఉందనడమే తేలిక. ధాతువు సంగతిలోనూ ఉన్నితో ఉన్న పొంతన అంత సులువుగా తోసేయగలది కాదు.

అసలు ఈ తగవును సగం చల్లార్చే సాక్ష్యం ఒకటుంది. ఇటలీలోని గుబ్బియో పట్టణంలో 1444లో ఏడు కంచు రేకులు బయటపడ్డాయి. వాటి మీద లాటిన్‌కు చుట్టమైన ఉంబ్రియన్ భాషలో పూజా విధానం చెక్కి ఉంది. అందులోని ప్రార్థన ‘వేరో పెక్వో’ను క్షేమంగా ఉంచమంటుంది. అవెస్తాలో ఇదే జంట ‘పసు వీర’గా ఉంది. వీరుడు అంటే అక్కడ మనిషి. మనుషులూ పశువులూ, ఇంటిల్లిపాదీ. మన పల్లెల్లో ‘పిల్లాపాపా, గొడ్డూగోదా చల్లగా ఉండాలి’ అని మొక్కుకున్నట్టే. ఇటలీ నుంచి ఇరాన్ దాకా ఒకే జంట పదాలతో ఒకే మొక్కు ఉందంటే అది వాళ్లు విడిపోక ముందు నాటిది అయి ఉండాలి. ఆ మొక్కులో పెకు అంటే జీవమూ, ఇంటి ఆస్తీ. విడదీసి అడిగితే ఆ మొక్కు మొక్కినవాడికి ప్రశ్నే అర్థమయ్యేది కాదు.

నడిచే సొమ్ము, పడి ఉండే సొమ్ము

రెండర్థాలు ఒకే మాటలో ఇమిడి ఉండగా జనం ఎలా నెట్టుకొచ్చారో నార్స్ భాష బాగా చూపిస్తుంది. అవసరమైనప్పుడు ముందు ఒక విశేషణం తగిలించారు. ‘గాంగండి ఫ్యే’ అంటే నడిచే సొమ్ము, పశువులు. ‘లిగ్గ్యాండి ఫ్యే’ అంటే పడి ఉండే సొమ్ము, వెండీ బంగారమూ. పాత ఇంగ్లీషులోనూ ‘ప్రాణమున్న ఫెఓహ్’, ‘పడి ఉన్న ఫెఓహ్’ అని వేరు చేశారు. మన దస్తావేజుల్లో స్థావర జంగమ ఆస్తులు అని రాసేటప్పుడు జంగమం అంటే నడిచేదే కదా.

ఈ పాత ఏర్పాటు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్న చోటు ఐస్‌లాండ్. అక్కడ ఫ్యే అనే మాటకు షష్ఠీ రూపం ‘ఫ్యార్’. నిఘంటువులో ఆ పేజీ తెరిస్తే వరసగా ఇవి కనబడతాయి: ‘ఫ్యార్‌హుందుర్’ గొర్రెల మందను కాచే కుక్క, ‘ఫ్యార్‌హూస్’ గొర్రెల కొట్టం, ‘ఫ్యార్‌లోగ్’ దేశ బడ్జెట్ చట్టం, ‘ఫ్యార్‌ఫెస్టింగ్’ పెట్టుబడి. ఆర్థిక మంత్రి పదవి పేరూ ఇదే ముక్కతో మొదలవుతుంది. ‘ఫ్యార్‌హిర్దిర్’ గొర్రెల కాపరి, ‘ఫ్యేహిర్దిర్’ కోశాధికారి. రెండు మాటల్లోనూ ఉన్నది అదే ఫ్యే, అదే కాపరి. ఒకడు కాసేది గొర్రెల్ని, ఇంకొకడు కాసేది ఖజానాని.

చట్టంలోనూ ఈ మాట బతికే ఉంది. కదిలే ఆస్తిని ఐస్‌లాండ్ న్యాయభాషలో ‘లౌసాఫ్యే’ అంటారు, విడిగా ఉన్న సొమ్ము అని. చాలా కాలం అక్కడ విలువకు కొలతే ఆవు. ‘కూగిల్ది’ అంటే ఒక ఆవు విలువ, దానికి ఆరు గొర్రెలు సమానం. భూమి కౌలు కూడా దాంతోనే లెక్కగట్టేవారు. చలికీ గాలికీ పంటలు పండని దీవిలో గొర్రె ఇంటికి ఆధారంగా నిలిచింది, మాట అర్థమూ దాంతో పాటే నిలిచింది. జర్మనీలో డబ్బుకు ‘గెల్ట్’ అనే వేరే మాట గట్టిపడటంతో ఫెహు కొట్టానికి పరిమితమైంది. ఇంగ్లండులో పశువుల వైపు ‘క్యాటిల్’ వచ్చి కూర్చుంది, ఫెఓహ్ అక్కడ ఖాళీ చేసింది. స్కాట్లాండులో మాత్రం 15వ శతాబ్దపు కవిత్వంలో కూడా కాపరి ‘ఫె’ మందను కాస్తూ కొండ మీద కూర్చునే ఉన్నాడు.

నార్స్ ఫ్యేకు ఇంకొక సంతానం ఉంది, లోకమంతా తిరిగింది. ‘ఫ్యేలగి’ అంటే సొమ్ము తెచ్చి పెట్టినవాడు, ఉమ్మడి వ్యాపారంలో తన వాటా వేసినవాడు. ఓడ కొనాలన్నా సరుకు నింపాలన్నా నలుగురూ ఫ్యే పోగుచేయాలి. అలా చేసినవాళ్లు ఒకరికొకరు ఫ్యేలగిలు. ఇప్పటి జర్మనీ–డెన్మార్క్ సరిహద్దు దగ్గర హెదెబీ అనే పాత రేవు ఉంది. అక్కడి ఒక స్మారక శిల మీద పదో శతాబ్దం చివరి రూనిక్ రాత, అంటే జర్మానిక్ తెగల పాత లిపిలో రాత, ఉంది. స్వేన్ రాజు కొలువులోని థోరుల్ఫ్, హెదెబీ ముట్టడిలో చనిపోయిన ఎరిక్ కోసం ఆ రాయి నిలబెట్టించాడు. ఎరిక్‌ను అతను చెప్పుకున్న మాట: తన ఫ్యేలగి. అప్పటికే ఆ మాటలో వాటా కన్నా చెలిమి పాలు ఎక్కువైంది. వైకింగులతో పాటు అది ఇంగ్లండు చేరి ‘ఫెలో’ అయింది. మన పరిశోధక విద్యార్థులు ఎదురుచూసే ‘ఫెలోషిప్’లో సొమ్ము అనే ముక్క ఇంకా ఉంది, మాటలోనూ ఉంది.

కదలని భూమి మీదికి

ఇంగ్లీషు ‘ఫీ’ కథ అన్నిటికన్నా చిక్కు. పాత ఇంగ్లీషు ఫెఓహ్ సహజంగా మారితే ‘ఫీ’యే అయ్యేది. అందుకని అదే ఇదని చాలామంది రాసేస్తారు. నిజానికి ఇప్పటి ‘ఫీ’ నార్మన్ ఫ్రెంచి ద్వారా వచ్చింది. ప్రభువు తన సేవకుడికి సేవకు బదులుగా ఇచ్చే భూమి దాని అర్థం, మన ఇనాం భూమికి దగ్గరగా. ఫ్రెంచిలో దాని రూపం ‘ఫ్యెఫ్’, మధ్యయుగపు లాటిన్‌లో ‘ఫెఉమ్’, ‘ఫెఓడుమ్’. ఆ రూపాలకు మూలం ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగ భాషలోని ఫెహు అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. వాదన ఉన్నది ఆ ‘డ’ ఎక్కడిదన్న దాని మీద. సంపద అనే అర్థమున్న ‘ఓద్’ను ఫెహుకు చేర్చి కట్టిన సమాసమని కొందరు, ‘డ’ లేని రూపాలే పాతవనీ, సొంత భూమికి పేరైన ‘అలోడియుమ్’ పోలికతో అది తర్వాత వచ్చి చేరిందనీ ఇంకొందరు. అరబ్బీ మూలం చెప్పినవాళ్లూ ఉన్నారు, అది పెద్దగా నిలవలేదు.

కదిలే ఆస్తి పేరు భూమికి ఎలా అంటుకుంది? ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లోక్ వివరణ నమ్మదగ్గది. నాణేలు అరుదైన రోజుల్లో ప్రభువు తన మనిషికి జీతంగా ఇచ్చింది బట్టలు, ఆయుధాలు, గుర్రాలు, తిండి. ఈ కదిలే సొమ్మంతా ఫెహు. అలా ఆ మాటకు ‘సేవకు ప్రతిఫలం’ అనే అర్థం పట్టింది. తర్వాత ప్రతిఫలంగా భూమి ఇవ్వడం మొదలైనా మాట మారలేదు. అక్కడి నుంచే ‘ఫ్యూడల్’ అనే విశేషణం పుట్టింది. తెలంగాణ దొరల పాలన గురించి రాసేవాళ్లు దాన్ని తెలుగు మాటలాగే వాడేస్తారు. కక్ష అనే అర్థమున్న ‘ఫ్యూడ్’ మాత్రం దీనికి చుట్టం కాదు, శత్రుత్వాన్ని చెప్పే వేరే జర్మానిక్ మాట బిడ్డ.

ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో భూమి మీద పూర్తి యాజమాన్యానికి పేరు ‘ఫీ సింపుల్’. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబం టైటిల్ కాగితాల్లో ఆ రెండు మాటలూ చూసే ఉంటుంది. తోలుకుపోగల సొమ్ముకు పెట్టుకున్న పేరు చివరికి అంగుళం కూడా కదలని ఆస్తికి స్థిరపడింది. డబ్బు అర్థం ఇంకో పక్క నుంచి వచ్చింది. పదవిని కూడా ఇలాగే ‘ఫీ’గా ఇచ్చేవారు కాబట్టి, ఆ పదవిలో ఉన్నవాడికి జనం కట్టే రుసుమూ ‘ఫీ’ అయింది. దాని బహువచనం ‘ఫీజ్’ మన నోట పడి ‘ఫీజు’ అనే ఏకవచనమై, మళ్లీ ‘ఫీజులు’ అని ఇంకో బహువచనం తొడుక్కుంది.

ఇటలీ ఉత్తరాన స్థిరపడిన జర్మానిక్ తెగ లొంబార్డులూ ఒక తునక వదిలివెళ్లారు. రొథారి రాజు 643లో రాయించిన శాసన సంపుటి లాటిన్‌లో ఉన్నా, అందులో ‘ఫదెర్‌ఫియో’ అనే సొంత మాట దూరింది. తండ్రి ఫెహు అని అర్థం: పెళ్లిలో కూతురికి తండ్రి ఇచ్చే సొమ్ము, మన ‘అరణం’. భర్త చనిపోయి ఆమె పుట్టింటికి తిరిగొస్తే దాని మీద ఎవరికి హక్కో తేల్చడానికి ఆ మాట కావలసి వచ్చింది.

మొదటి అక్షరం

జర్మానిక్ తెగలు రాతి మీదా కర్ర మీదా చెక్కుకున్న రూనిక్ అక్షరమాలలో ప్రతి అక్షరానికీ ఒక పేరుంది. వరసలో మొట్టమొదటిది ‘ఫ’ అక్షరం, దాని పేరు ఫెహు. నిలువు గీత, దానికి కుడివైపు పైకి చాచిన రెండు కొమ్మలు. ఆ కొమ్మల్ని ఆవు కొమ్ములనేవాళ్లు ఉన్నారు. అక్షరం ఆకారం లాటిన్ F అక్షరానికి అంత దగ్గరగా ఉండగా ఆ ఊహ అక్కర్లేదు.

అక్షరాల పేర్లు గుర్తుండటానికి మూడు దేశాల్లో పద్యాలు కట్టారు. ఇంగ్లండు పద్యం, ఫెఓహ్ అందరికీ ఊరట, అయినా దేవుడి దగ్గర మంచి తీర్పు కోరేవాడు దాన్ని ధారాళంగా పంచాలి అంటుంది. నార్వే పద్యం వేరే మాట చెబుతుంది: ఫ్యే చుట్టాల మధ్య చిచ్చు పెడుతుంది, తోడేలు అడవిలో పెరుగుతుంది. ఐస్‌లాండ్ పద్యమూ చుట్టాల తగవు అనే మొదలెట్టి, ఫ్యేను సముద్రపు మంట అంటుంది, అంటే బంగారం. మూడింట్లోనూ అక్షరం పేరు ఆవును వదిలి ఆస్తి పక్షానికి వచ్చేసింది.

స్వీడన్ దక్షిణాన గుమ్మార్ప్ అనే చోట ఒక రాయి ఉండేది. హథువుల్ఫ్ అనేవాడు మూడు అక్షరాలు నిలిపాడని దాని మీద రాసి, పక్కన ఒకే అక్షరాన్ని మూడుసార్లు చెక్కారు: ఫ ఫ ఫ. అక్షరం పేరును మూడుసార్లు చదివితే సొమ్ము, సొమ్ము, సొమ్ము అని కోరుకున్నట్టు అవుతుందని పరిశోధకులు అర్థం చెప్పుకున్నారు. ఆ రాయిని కోపెన్‌హాగెన్ తీసుకెళ్లారు. 1728లో ఆ నగరం తగలబడ్డప్పుడు అది నాశనమైంది. 17వ శతాబ్దంలో గీసి పెట్టుకున్న బొమ్మల్లో ఆ మూడు అక్షరాలు మిగిలాయి.

ఐస్‌లాండ్ పాత పద్యసంపుటి హావమాల్‌లో ప్రఖ్యాతమైన ఒక పద్యం ‘దెయ్ర్ ఫ్యే’ అని మొదలవుతుంది. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లకు ఆ రెండో మాట దగ్గరే చిక్కు. ‘పశువులు చస్తాయి’ అని కొందరు, ‘సంపద నశిస్తుంది’ అని కొందరు రాశారు. ఏది రాసినా సగం జారిపోతుంది. తెలుగులో ఆ ఇబ్బంది ఉండనక్కర్లేదు. సొమ్ము అంటే డబ్బు, సొమ్ములు అంటే నగలు అని అన్ని జిల్లాలకూ తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సొమ్ములు అంటే పశువులు కూడా, సొమ్ములు కాయడమంటే పశువుల్ని మేపడమే. ‘సొమ్ములు పోతాయి, చుట్టాలు పోతారు, ఒకనాడు తానూ పోతాడు’ అని ఆ ఊళ్ల తెలుగులో పద్యం ఎత్తుకుంటే, ఫ్యేలోని మందా బంగారమూ రెండూ ఒక్క మాటలోనే వచ్చేస్తాయి.